నానో విజ్ఞానం: పరిమాణమే గుణమయ్యే చోటు

బంగారం పచ్చగా ఉంటుందని తెలుసుకొనడానికి ఎవరికీ ప్రత్యేకమైన శాస్త్రజ్ఞానం అక్కరలేదు. పసిడి ఛాయ అని మనం వాడే మాటే అందుకు సాక్ష్యం. అయితే కాలా ఆజార్ వ్యాధిని గుర్తించడానికి బీహారు పల్లెలలోని ఆరోగ్య కేంద్రాలలో వాడే చిన్న పరీక్షపట్టీని చూచినప్పుడు ఈ నమ్మకాన్ని కొంత సవరించుకొనవలసి వస్తుంది. ఆ పట్టీపై రోగి రక్తం ఒక బొట్టు వేసి, కొద్దిగా ద్రావణం చేర్చి, కొన్ని నిమిషాలు వేచి ఉంటే, వ్యాధి ఉన్నవారి విషయంలో దానిపై ఒక ఎర్రని గీత ప్రత్యక్షమవుతుంది. ఆ ఎరుపు రక్తానిది కాదు, ఏ అద్దకపు రంగుదీ కాదు. అది బంగారపు ఎరుపు.

ఆ పట్టీలో ఉన్నది కల్తీ బంగారం కాదు. నగలలో ఉండే పరమాణువులే అందులోనూ ఉన్నాయి. మారినది ఒక్కటే: అక్కడి బంగారు రేణువుల వ్యాసం 20 నుండి 40 నానోమీటర్ల వరకు మాత్రమే ఉంటుంది. పదార్థం మారకుండా, కేవలం పరిమాణం మారినంత మాత్రాన రంగు మారిపోయింది. నానో విజ్ఞానమనే విశాల శాస్త్రానికి ఇదే తొలి పాఠం. ఈ ఒక్క విషయం బోధపడితే వైద్యంలోను, ఎలక్ట్రానిక్ పరిశ్రమలోను ఈ విజ్ఞానం సాధిస్తున్న మార్పులకు మూలం బోధపడుతుంది. ఇది బోధపడకపోతే ‘నానో’ అనేది వ్యాపార ప్రకటనలలో వినిపించే ఒక ఆకర్షణీయమైన మాటగానే మిగిలిపోతుంది.

కొలతను మనసుకు తెచ్చుకొనడం

‘నానో’ అనే పదానికి మూలం మరుగుజ్జు అనే అర్థం గల గ్రీకు శబ్దం. మీటరును 100 కోట్ల సమభాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు ఉంటాయి. మనిషి చేతిగోరు సెకనుకు సుమారు ఒక నానోమీటరు చొప్పున పెరుగుతుంది. ఈ వాక్యాన్ని చదివేటంతలో పాఠకుని గోరు నాలుగైదు నానోమీటర్లు పెరిగి ఉంటుంది.

ఇంత చిన్న కొలత ఊహకు అందడానికి ఒక ఉపాయమున్నది. ఒక నానోమీటరును ఒక సెంటీమీటరుగా పెంచి చూచినట్లు భావించండి. అప్పుడు డి.ఎన్.ఏ. పేలిక మందం 2 సెంటీమీటర్లు, అంటే బొటనవ్రేలంత అవుతుంది. 100 నానోమీటర్ల వైరసు ఒక మీటరు ఉంటుంది. రక్తంలోని ఎర్రకణం 75 మీటర్ల వెడల్పు గల మైదానమవుతుంది. తలవెంట్రుక మందం 800 మీటర్లకు చేరుతుంది. 6 మిల్లీమీటర్ల బియ్యపు గింజ 60 కిలోమీటర్ల పొడవున పరచుకొంటుంది. సాధారణంగా 1 నుండి 100 నానోమీటర్ల వరకు గల ప్రాంతాన్ని నానో క్షేత్రమని వ్యవహరిస్తారు. మన బియ్యపు గింజ 60 కిలోమీటర్లు పరచుకొన్న ఆ ఊహాలోకంలో ఈ క్షేత్రం ఒక సెంటీమీటరు నుండి ఒక మీటరు వరకే విస్తరించి ఉన్నదన్నమాట.

మొదటి కారణం: ఉపరితలం

పరిమాణం తగ్గినప్పుడు గుణం ఎందుకు మారాలి? దీనికి ముఖ్యమైన కారణాలు రెండు.

ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని తీసుకొందాం. దాని ఆరు ముఖాల మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలు వస్తాయి. పదార్థం ఏమాత్రం పెరగకపోయినా ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. అదే ఘనాన్ని నానోమీటరు ఘనాలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 6000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరంన్నర నేలతో సమానమవుతుంది. పాచికంత వస్తువు ఎకరంన్నర చేనుగా విచ్చుకొంటుందన్నమాట.

ఇదే విషయాన్ని పరమాణువుల లెక్కలో చూడవచ్చును. ఒక నిమ్మపండు చుట్టూ దానిని తాకుతూ 12 నిమ్మపండ్లు అమర్చవచ్చు. ఈ 13 పండ్ల కూర్పులో 12 వెలుపలే ఉన్నాయి. దానిపై మరొక పొర పేర్చడానికి 42 పండ్లు కావాలి. అప్పుడు మొత్తం 55లో 42 వెలుపల ఉంటాయి. మూడవ పొరకు 92 కావాలి. అప్పుడు 147లో 92 వెలుపల ఉంటాయి. బంగారపు పరమాణువులను కూడా ఇట్లే పేర్చవచ్చు. నగలో ఉన్న పరమాణువులలో దాదాపు అన్నీ లోపలివే. నానో రేణువులోనైతే సగానికి పైగా వెలుపలివి కావచ్చును. లోపలి పరమాణువును అన్ని వైపులా ఇరుగుపొరుగులు పట్టి ఉంచుతాయి. వెలుపలి పరమాణువుకు ఒక వైపు పట్టు ఉండదు. అందువల్ల అది ఇతర పదార్థాలతో త్వరగా కలుస్తుంది, తక్కువ వేడికే కదలిపోతుంది. సాధారణ బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. రెండు మూడు నానోమీటర్ల బంగారు రేణువులు అంతకంటే కొన్ని వందల డిగ్రీల తక్కువ వేడికే కరుగుతాయి.

ఈ లెక్క గ్రంథాలకు పరిమితమైనది కాదు. గంగా బ్రహ్మపుత్రల డెల్టాలో గొట్టపు బావుల నీటిలో ఆర్సెనిక్ అనే విషం కలుస్తున్నదని పశ్చిమ బెంగాలులో 1983లోను, బంగ్లాదేశ్‌లో 1993లోను వెల్లడైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరు నీటికి 10 మైక్రోగ్రాములు మాత్రమే. ఇంత స్వల్పంగా కలిసిన విషాన్ని తొలగించాలంటే దానిని పట్టి ఉంచే ఉపరితలం అధికంగా కావాలి. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య టి. ప్రదీప్, ఆయన సహచరులు ఇనుము, ఆమ్లజని, ఉదజనులతో కూడిన నానో రేణువులను ఇందుకు ఉపయోగించి వడపోత సాధనాలను రూపొందించారు. ఎకరంన్నర చేను లెక్క ఇక్కడ ఒక కుటుంబపు మంచినీళ్ల బిందెలోకి దిగి వచ్చింది.

రెండవ కారణం: ఎలక్ట్రానుకు ఇరుకు

వీణ తీగను మెట్టుపై నొక్కి, మ్రోగే భాగపు పొడవును తగ్గించినకొద్దీ స్వరం హెచ్చుతుంది. తీగ మారలేదు, పొడవు మారినది. అత్యంత చిన్న అర్ధవాహక స్ఫటికంలో చిక్కుకొన్న ఎలక్ట్రానుకు కూడా ఇటువంటి స్థితి ఏర్పడుతుంది. ఎలక్ట్రానుకు తరంగ స్వభావం ఉన్నది. దానిని బంధించిన గది చిన్నదయ్యేకొద్దీ దాని శక్తి మెట్ల మధ్య ఎడం పెరుగుతుంది. కాడ్మియం సెలినైడ్ అనే పదార్థపు స్ఫటికం సుమారు 6 నానోమీటర్లు ఉంటే ఎర్రని కాంతిని, సుమారు 2 నానోమీటర్లు ఉంటే నీలికాంతిని వెలువరిస్తుంది. వీటిని క్వాంటం చుక్కలంటారు. వీటిని కనుగొని, కోరిన పరిమాణంలో తయారుచేసే మార్గం చూపినందుకు అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రూస్, మౌంగీ బావెండీలకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బంగారపు ఎరుపుకు కారణం దీనికి దగ్గరదే కాని, ఇదే కాదు. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు నానో రేణువుపై కాంతి పడినప్పుడు గుంపుగా అటూ ఇటూ ఊగుతాయి. 20 నానోమీటర్ల బంగారు రేణువులో ఈ ఊపు సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చని కాంతితో కలిసివస్తుంది. ఆ కాంతిని రేణువు గ్రహిస్తుంది. మిగిలిన కాంతి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. రేణువులు ఒకదానికొకటి చేరువై గుమిగూడితే ఊపు మారి, ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది.

ఇటువంటి ఎర్రని బంగారు ద్రావణాన్ని మైకేల్ ఫారడే 1857లోనే తయారుచేసి, దాని రంగుకు రేణువుల సూక్ష్మత కారణమని ఊహించాడు. 1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి నేటికీ కళాశాలలలో ప్రదర్శనకు అనువైనది. పలుచని బంగారపు లవణ ద్రావణాన్ని మరిగిస్తూ అందులో సోడియం సిట్రేటు చేరుస్తారు. లేత పసుపు రంగు పోయి, నీలిఛాయ కనిపించి, చివరకు ద్రావణం కెంపు రంగులో స్థిరపడుతుంది. సిట్రేటు ప్రతి రేణువు చుట్టూ ఋణావేశం గల కవచంగా ఏర్పడి, రేణువులను దూరదూరంగా నిలుపుతుంది. ఈ ద్రావణంలో చిటికెడు ఉప్పు వేస్తే ఆ రక్షణ బలహీనపడి, రేణువులు గుమిగూడి, రంగు నీలంగా మారుతుంది. పరిమాణం, దూరం అనేవి కంటికి కనిపించే గుణాలుగా ఎట్లా మారతాయో ఈ ఒక్క ప్రయోగం తేటతెల్లం చేస్తుంది.

చూచే కన్ను, చేసే చేయి

1959 డిసెంబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన భౌతికశాస్త్ర సమావేశంలో రిచర్డ్ ఫైన్‌మన్ చేసిన ఉపన్యాసం ఈ రంగానికి నాందిగా తరచు పేర్కొనబడుతుంది. పరమాణువులను ఒక్కొక్కటిగా కోరిన చోట అమర్చడాన్ని ప్రకృతి నియమాలేవీ నిషేధించడం లేదని ఆయన వాదించాడు. ‘నానో టెక్నాలజీ’ అనే మాటను 1974లో జపాను శాస్త్రజ్ఞుడు నోరియో తనిగుచి ప్రయోగించాడు. అయినా చూడలేనిదానిని అమర్చడం సాధ్యం కాదు. సాధారణ సూక్ష్మదర్శిని ఇక్కడ పనికిరాదు. కంటికి కనిపించే కాంతి తరంగాలే 400 నుండి 700 నానోమీటర్లు ఉంటాయి. గోడలు కట్టే తాపీతో ముత్యానికి బెజ్జం వేయలేము గదా!

1981లో స్విట్జర్లాండులో గెర్డ్ బిన్నిగ్, హైన్రిఖ్ రోరర్ వేరొక మార్గం కనుగొన్నారు. కొనలో దాదాపు ఒక్క పరమాణువే ఉండే సూదిని వస్తువు ఉపరితలానికి తాకీ తాకనంత దగ్గరగా జరిపారు. మధ్యలో ఖాళీ ఉన్నప్పటికీ ఎలక్ట్రాన్లు దానిని దాటి అవతలకు చేరగలవు. దీనిని సొరంగ ప్రభావమంటారు. ఖాళీ నానోమీటరులో పదవ వంతు మారితే ఈ ప్రవాహం దాదాపు పది రెట్లు మారుతుంది. సూది ఈ ప్రవాహాన్ని కొలుస్తూ, అంధుడు వ్రేళ్లతో అక్షరాలు చదివినట్లు, పరమాణువుల ఎత్తుపల్లాలను తడిమి చదువుతుంది. ఈ సాధనానికి 1986లో నోబెల్ బహుమతి లభించింది. 1989లో డొనాల్డ్ ఐగ్లర్ ఇటువంటి సూదితోనే 35 జీనాన్ పరమాణువులను జరిపి అక్షరాలుగా పేర్చాడు.

నానో వస్తువులను తయారుచేసే మార్గాలు రెండు. పెద్ద వస్తువును చెక్కుతూ పోవడం ఒకటి. ఇది శిల్పి మార్గం. ఎలక్ట్రానిక్ చిప్పులు ప్రధానంగా ఈ విధంగానే తయారవుతాయి. అణువులు తమంతట తామే పేర్చుకొనే పరిస్థితులను కల్పించడం రెండవది. ఇది ప్రకృతి మార్గం. జీవకణాలన్నీ ఈ మార్గంలోనే నిర్మితమయ్యాయి.

కారణం తెలియకుండానే ఫలితం పొందిన ఉదాహరణలు చరిత్రలో లేకపోలేదు. దక్షిణ భారతంలో మూసలలో కాచిన ఉక్కు శతాబ్దాల పాటు పశ్చిమాసియాకు ఎగుమతి అయింది. తెలంగాణలోని కోనసముద్రం అందుకు పేరు పొందిన కేంద్రాలలో ఒకటి. అటువంటి ఉక్కుతో చేసినదిగా భావించే 17వ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గం ఒకదానిని పరిశీలించిన జర్మనీ శాస్త్రజ్ఞులు, అందులో కార్బన్ నానో నాళికలు ఉన్నట్లు 2006లో ప్రకటించారు. దీనినిబట్టి మన పూర్వులకు నానో విజ్ఞానం తెలుసునని చెప్పడం పొరపాటు. వారి చేతికి నేర్పు తెలుసు, ఆ నేర్పుకు కారణం తెలియదు. నేర్పు మరుగునపడితే మళ్లీ పుట్టించడం కష్టం. కారణం తెలిసిన విద్యను ఎవరైనా, ఎక్కడైనా తిరిగి నేర్చుకొనవచ్చును. శాస్త్రానికి గల విలువ ఇదే.

జీవరంగంలో: మందును చేర్చవలసిన చోటికి చేర్చడం

రక్తంలోని హీమోగ్లోబిన్ అణువు సుమారు 5 నానోమీటర్లు. మాంసకృత్తులను తయారుచేసే రైబోసోము 20 నుండి 30 నానోమీటర్లు. జీవకణం పనిముట్లన్నీ నానో కొలతలలోనే ఉన్నాయి. అందువల్ల అదే కొలతలో తయారైన మందు జీవకణంతో దాని భాషలోనే వ్యవహరించగలదు. దీనికి మన ప్రాంతపు అనుభవమే చక్కని నిదర్శనం.

కాలా అంటే నలుపు, ఆజార్ అంటే వ్యాధి. ఇసుక ఈగ కాటు ద్వారా వ్యాపించే ఈ వ్యాధి బీహారు, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లతోపాటు నేపాల్, బంగ్లాదేశ్‌లలో తరతరాలుగా పేదల ఇండ్లను పీడించింది. చెమ్మగిల్లిన మట్టిగోడలు, పశువుల పాకలు ఆ ఈగకు నెలవులు. చికిత్స లేకపోతే వ్యాధి సాధారణంగా ప్రాణాంతకమే. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో యూరియా స్టిబమైన్ అనే ఔషధాన్ని కనుగొని అసంఖ్యాక ప్రాణాలను కాపాడారు. అది ఆంటిమొనీ లోహంతో కూడిన మందు. కాలక్రమాన బీహారులో ఆంటిమొనీ మందులకు రోగకారక జీవి లొంగడం మానివేసింది. ఆంఫోటెరిసిన్ అనే మరొక మందు పనిచేసేది కాని, అది మూత్రపిండాలకు హాని చేసేది. పైగా రోజు విడిచి రోజు 15 పర్యాయాలు నరంలోకి ఎక్కించవలసి రావడంతో రోగి 29 రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చేది. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబానికి నెల రోజుల కూలి పోవడం రోగానికి తోడు మరొక రోగం.

ఇక్కడ నానో విజ్ఞానం తోడ్పడింది. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువుకు నీటిని కోరే తల, నీటిని తప్పించుకొనే తోకలు ఉంటాయి. నీటిలో ఇవి తోకలను లోపలికి ముడుచుకొని, రెండు వరుసలుగా పేర్చుకొని, బుడగలుగా ఏర్పడతాయి. వీటినే లైపోసోములంటారు. 100 నానోమీటర్ల కంటె చిన్నవైన ఈ బుడగల గోడలలో ఆంఫోటెరిసిన్‌ను ఇమిడ్చారు. రక్తంలో తిరిగే పరాయి రేణువులను మింగివేయడం శరీరంలోని భక్షక కణాల విధి. ఇవి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలో అధికంగా ఉంటాయి. కాలా ఆజార్ పరాన్నజీవి దాగి ఉండేది సరిగా ఈ భక్షక కణాలలోనే. కాబట్టి కణం మందు బుడగను మింగితే, మందు తనంతట తానే శత్రువు దాగిన గదిలోకి చేరుతుంది. మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గుతుంది. మందు అణువు మారలేదు, దాని వాహనపు పరిమాణమే మారినది.

శ్యామ్ సుందర్, ఆయన సహచరులు బీహారులో జరిపిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. లైపోసోము మందును ఒకే ఒక్క పర్యాయం ఇచ్చినవారిలో ఆరు నెలల తరువాత 95.7 శాతం మందికి, పాత పద్ధతిలో 15 పర్యాయాలు ఇచ్చినవారిలో 96.3 శాతం మందికి వ్యాధి నయమైనట్లు తేలింది. 29 రోజుల చికిత్స చేసే పనిని దాదాపు ఒక్క రోజు చికిత్స చేయగలిగింది. 2014లో భారత ప్రభుత్వ కార్యక్రమం ఈ పద్ధతిని స్వీకరించింది.

ఆరంభంలో చెప్పిన ఎర్రని గీతకు ఇప్పుడు అర్థం చెప్పవచ్చును. ఆ పట్టీలోని బంగారు రేణువులకు ప్రతిరక్షకాలను పట్టుకొనే మాంసకృత్తును అతికించి ఉంచుతారు. రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు వాటిని తగులుకొని పట్టీ వెంట ప్రవహిస్తాయి. గీత ఉండవలసిన చోట ఆర్.కె.39 అనే మాంసకృత్తును ముందే అద్ది ఉంచుతారు. ఇది కాలా ఆజార్ పరాన్నజీవికి సంబంధించినది. దానిని గుర్తించే ప్రతిరక్షకాలు అక్కడ ఆగిపోతాయి, వాటితోపాటు బంగారమూ ఆగిపోతుంది. వేలాది రేణువులు ఒకచోట చేరగా గీత కంటికి కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని, విద్యుత్తు, ప్రయోగశాల ఏవీ అక్కరలేదు.

భారత్, నేపాల్, బంగ్లాదేశ్ 2005లో ఈ వ్యాధి నిర్మూలనకు ఉమ్మడి ఒప్పందం చేసుకొన్నాయి. ఇసుక ఈగకు సరిహద్దులు తెలియవు గనుక ఏ ఒక్క దేశమూ విడిగా దీనిని జయించలేదు. 2023లో బంగ్లాదేశ్ ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా తొలగించిన తొలి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఈ విజయం మందు ఒక్కదానిదే కాదు. గోడలకు క్రిమిసంహారిణి చల్లినవారిది, ఇల్లిల్లూ తిరిగి జ్వరపీడితులను వెతికినవారిది కూడా.

ఇటువంటి కొవ్వు రేణువులే 2020 డిసెంబరు నుండి వాడుకలోకి వచ్చిన ఎం.ఆర్.ఎన్.ఏ. కోవిడ్ టీకాలలో వాహనాలైనాయి. రక్షణ లేకపోతే క్షణాలలో చెదిరిపోయే ఆర్.ఎన్.ఏ. పోగును అవి జీవకణంలోనికి భద్రంగా చేర్చాయి.

ఎలక్ట్రానిక్ రంగంలో: తూము తలుపు కథ

కాలువ తూముకు తలుపు ఉంటుంది. దానిని ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. 1947లో జన్మించిన ట్రాన్సిస్టరు తరువాతి కాలంలో ఎలక్ట్రాన్లకు అటువంటి తూముగా రూపొందింది. పారుదలను ఒకటి అనీ, ఆగుదలను సున్న అనీ భావిస్తే కంప్యూటరు చేసే లెక్కలన్నీ ఈ తూములను తెరవడం, మూయడం మాత్రమే. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో ఇటువంటివి 2300 ఉండేవి. నాటి ముఖ్యమైన కొలత 10 మైక్రోమీటర్లు, అంటే 10,000 నానోమీటర్లు. 2020 నాటికి ఒకే చిప్పులో వెయ్యి కోట్లకు మించిన ట్రాన్సిస్టర్లు ఇమిడాయి. ట్రాన్సిస్టరు చిన్నదైనకొద్దీ అదే చోట ఎక్కువ ఇమిడి, ఒక్కొక్కటి తక్కువ విద్యుత్తుతో వేగంగా పనిచేసింది.

అయితే చిన్నతనానికి ఒక హద్దు ఉన్నది. సిలికానులో ఇరుగుపొరుగు పరమాణువుల మధ్య దూరం 0.235 నానోమీటర్లు. 10 నానోమీటర్ల పొడవులో సుమారు 40 పరమాణువులే పడతాయి. తలుపుకూ కాలువకూ మధ్య ఉండే విద్యుద్బంధకపు పొర 1.2 నానోమీటర్లకు, అంటే సుమారు ఐదు పరమాణువుల మందానికి పలుచబడినప్పుడు, ఎలక్ట్రాన్లు దానిని దాటి కారసాగాయి. బిన్నిగ్, రోరర్‌ల సూదికి చూపునిచ్చిన సొరంగ ప్రభావమే ఇక్కడ శత్రువైనది. ఒకచోట దీపమైన నిప్పే మరొకచోట ఇంటిని కాల్చినట్లయింది. 2007లో సిలికాన్ ఆక్సైడుకు బదులు హాఫ్నియం సమ్మేళనాన్ని కొంత మందంగా వాడి ఈ కారుదలను అరికట్టారు. తరువాత కాలువను చదునుగా కాక నిలువు రెక్కవలె నిలబెట్టి, తలుపు దానిని మూడు వైపులా పట్టుకొనే ఏర్పాటు చేశారు.

నేడు ‘3 నానోమీటర్ల చిప్పు’ అనే మాట ప్రకటనలలో వినిపిస్తుంది. అది ఒక తరానికి పెట్టిన పేరే గాని, ఆ చిప్పులోని తలుపు పొడవు కాదు. విద్యార్థులు పేరునూ కొలతనూ వేరుచేసి చూడడం నేర్చుకొనాలి. అన్నిటికంటె చిన్నదే అన్నిటికంటె మేలైనదన్న భావన కూడా సరికాదు. మొహాలీలోని సెమీ కండక్టర్ లేబొరేటరీ 180 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసిన ‘విక్రమ్’ ప్రాసెసరు 2025లో దేశం ముందుకు వచ్చింది. ఉపగ్రహ వాహక నౌకలలో తీవ్రమైన వేడిమికి, చలికి తట్టుకొని తప్పు చేయకుండా పనిచేయడమే దాని అర్హత, సూక్ష్మత కాదు.

ఈ విద్య ఖరీదైనది. దుమ్ము లేని గదులు, సూక్ష్మ యంత్రాలు ప్రతి కళాశాలకూ సాధ్యం కావు. అందుచేత బొంబాయి ఐ.ఐ.టి., బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలలో నెలకొల్పిన నానో ఎలక్ట్రానిక్స్ కేంద్రాలను ఇతర విద్యాసంస్థల పరిశోధకులు కూడా వినియోగించుకొనే ఏర్పాటు జరిగింది. 2007లో ఆరంభమైన జాతీయ నానో మిషన్‌కు ఆచార్య సి.ఎన్.ఆర్. రావు వంటి శాస్త్రజ్ఞులు మార్గదర్శకులైనారు. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. నానో పదార్థాలపై కృషి చేస్తున్నది. ఒక ఊరి బావిని అన్ని వీధులవారూ తోడుకొన్నట్లు, ఒకచోటి సాధనాలను దేశమంతా వాడుకొనడం ఈ రంగంలో ఔదార్యం కాదు, అవసరం.

రెండు రంగాలు కలిసేచోటు

జీవశాస్త్రమూ ఎలక్ట్రానిక్స్‌ వేర్వేరు దారుల నుండి బయలుదేరి ఒకే కొలత వద్ద కలుసుకొన్నాయి. డి.ఎన్.ఏ. లిపిని చదివే నానో రంధ్ర పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక పలుచని పొరలో సుమారు ఒక నానోమీటరు వెడల్పు గల మాంసకృత్తు రంధ్రాన్ని అమరుస్తారు. పొరకు ఇరువైపులా ఉన్న ఉప్పునీటి ద్వారా స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. డి.ఎన్.ఏ. పోగు ఒక్కటి ఆ రంధ్రం గుండా జారుతున్నప్పుడు అందులోని రసాయన అక్షరాలు దారిని కొద్ది కొద్దిగా వేర్వేరు రీతులలో అడ్డగిస్తాయి. విద్యుత్తులోని ఆ హెచ్చుతగ్గులను చిప్పు కొలిచి అక్షరాలుగా మారుస్తుంది. రంధ్రం జీవరంగానిది, కొలత ఎలక్ట్రానిక్ రంగానిది, పరిమాణం ఉభయులది.

జాగ్రత్త కూడా పాఠమే

పరిమాణం గుణాన్ని మారుస్తుందన్న సూత్రం మేలుకే కాదు, కీడుకూ వర్తిస్తుంది. ముద్దగా ఉన్నప్పుడు నిరపాయకరమైన పదార్థం నానో రూపంలో నిరపాయకరమేనని ముందుగా నిర్ణయించరాదు. పొడవైన, బిరుసైన కార్బన్ నానో నాళికలు శరీరంలో ఆస్బెస్టాస్ నారలవలె హాని చేయగలవని 2008లో ఎలుకలపై జరిగిన పరిశోధన హెచ్చరించింది. మెరిసే క్వాంటం చుక్కలలోని కాడ్మియం విషపదార్థం. ఆర్సెనిక్‌ను పట్టిన వడపోత పదార్థాన్ని తిరిగి అదే చెరువు గట్టున పారవేస్తే విషం చోటు మారిందే గాని పోలేదు. నానో ఔషధాలను పరీక్షించవలసిన తీరును నిర్దేశిస్తూ 2019లో మన దేశంలో మార్గదర్శకాలు వెలువడ్డాయి. వస్తువుపై ‘నానో’ అని వ్రాసి ఉన్నంత మాత్రాన దానిని నమ్మవలసిన పనీ లేదు, భయపడవలసిన పనీ లేదు. అందులో ఉన్న పదార్థమేమిటి, పరిమాణమెంత, ఆ పరిమాణం వల్ల మారిన గుణమేమిటి, పని ముగిసిన తరువాత అది ఎక్కడికి పోతుంది అనే నాలుగు ప్రశ్నలు అడగడం చాలును.

1920లో కలకత్తా ప్రయోగశాలలో మొదలైన వెదుకులాట 2010లో బీహారు ఆసుపత్రికి, 2023లో బంగ్లాదేశ్ పల్లెలకు చేరింది. మధ్యలో దానికి తోడైన కొవ్వు బుడగ, బంగారు రేణువు ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. నెల రోజుల పడక ఒక్క రోజుకు తగ్గిన కూలివానికి నానోమీటరు అనే మాట తెలియకపోవచ్చును. ఆ మాట నేర్చుకొన్న విద్యార్థి మాత్రం అతనిని మరువరాదు.

అభ్యాసానికి ప్రశ్నలు

1. 2 సెంటీమీటర్ల భుజం గల ఘనాన్ని 1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితల వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది?

2. 147 పరమాణువుల రేణువులో ఎన్నవ వంతు పరమాణువులు వెలుపల ఉన్నాయి? 55 పరమాణువుల రేణువుతో పోల్చండి.

3. ఎర్రని బంగారు ద్రావణంలో ఉప్పు వేస్తే రంగు ఎందుకు మారుతుంది? పంచదార వేస్తే మారుతుందా? కారణం ఊహించండి.

4. సొరంగ ప్రభావం ఒక సాధనానికి ఉపకారమై, మరొక సాధనానికి ఆటంకమైన తీరును వివరించండి.